ఊట పారబోయని రోజు

ముప్ఫై రెండేళ్లు, సారా ఊట కనబడితే పారబోయించడమే నా ఉద్యోగం. గుంటూరు జిల్లాలో మొదలుపెట్టి నాలుగు జిల్లాలు తిరిగి, ఎక్సైజు ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాను. తుమ్మ చెట్ల మాటున, వాగు ఒడ్డున, ఒకసారైతే గడ్డివాము కింద పాతిపెట్టిన డ్రమ్ముల్లో పులుస్తున్న బెల్లం ఊటను కాలితో తన్ని పారబోసిన వాణ్ణి. అలాంటి నేను జూన్ నెలలో ఒక ఉదయం స్కాట్లండ్ ఉత్తరాన గ్లెన్ ఆర్డ్ అనే విస్కీ డిస్టిలరీలో, ఇంటి గదంత పెద్ద చెక్క తొట్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. లోపల వేల లీటర్ల ఊట బుడబుడమంటోంది. నాకు తెలియకుండానే ఒక అడుగు ముందుకు పడింది. మా ఆవిడ మోచెయ్యి పట్టుకుని, "ఏమండీ, ఇది లైసెన్సు ఉన్న సరుకు" అంది.

అమ్మాయి, అల్లుడుగారు ఎడిన్‌బరాలో ఉంటారు. వాళ్ల దగ్గర నెల రోజులు ఉండటానికి వెళ్లినప్పుడు, "నాన్నా, మీకు విస్కీ తయారయ్యే చోటు చూపిస్తాం" అన్నది అమ్మాయే. విస్కీ పేరుతో వచ్చేవాళ్లంతా స్పే నది లోయకు వెళ్తారు. అక్కడ డిస్టిలరీలు మన ఊళ్లలో రైసు మిల్లుల్లాగా పక్కపక్కనే ఉంటాయి. మేమూ అక్కడికే వెళ్లేవాళ్లం. కానీ పటం చూస్తుండగా ఇన్వర్నెస్‌కు ఉత్తరాన ఒక కొండ మీద 'ఫైరిష్ కట్టడం' అని కనబడింది. దాని గురించి చదివితే, అది మన నాగపట్నం కోట ద్వారాన్ని పోలినట్టు కట్టించారని తెలిసింది. స్కాట్లండ్ కొండ మీద నాగపట్నం ద్వారం ఏమిటి? స్పే లోయ మళ్లీ ఎప్పుడైనా చూడవచ్చు, ముందు ఇటే పోదామని నేనే పట్టుబట్టాను.

ఎడిన్‌బరా నుంచి ఇన్వర్నెస్ సుమారు రెండు వందల యాభై కిలోమీటర్లు. ముందు రోజు సాయంత్రానికి చేరి, నెస్ నది దగ్గర ఒక ఇంటిలో బస చేశాం. కింది అంతస్తులో ఇంటివాళ్లు ఉండి, మిగతా గదులు అతిథులకు అద్దెకిచ్చి, పొద్దున పలహారం పెట్టే పద్ధతి. గది శుభ్రంగా ఉంది, ఇంటావిడ మర్యాదస్తురాలు. లోపాలు రెండు. మెట్లు ఇరుకు, పెట్టె పట్టుకుని ఎక్కితే మోచేతులు రెండు గోడలకూ తగులుతాయి. రెండోది, మా గదికి ఉన్న కిటికీ పైకప్పులో ఉంది, దానికి తెర లేదు. జూన్‌లో అక్కడ రాత్రి పదింటికి కూడా పొద్దు ఉంటుంది, తెల్లవారుజామున నాలుగింటికే మళ్లీ వెలుగు. మా ఆవిడ తన శాలువాను ఆ కిటికీకి కట్టాకగాని నిద్ర పట్టలేదు. పలహారంలో నల్లటి బిళ్లలు పెట్టారు. ఏమిటని అడిగితే రక్తం కలిపి చేసిన పుడ్డింగు అన్నారు. నేను తిన్నాను, మా ఆవిడ పళ్లెం అవతలికి జరిపింది. ఇంటావిడ అది చూసి, మారు మాట్లాడకుండా బంగాళదుంప పిండితో పెనం మీద కాల్చిన రొట్టె, వేయించిన పుట్టగొడుగులు తెచ్చిపెట్టింది. ఆ రొట్టె కోసమైనా మళ్లీ అక్కడే దిగుతాను.

కారు మాత్రం చేదు అనుభవం. ఎడిన్‌బరాలో అద్దెకిచ్చిన సంస్థ వాళ్లు మేం చెప్పిన బండి కాకుండా చిన్నది అంటగట్టారు. తిరిగి ఇచ్చేటప్పుడు వెనక తలుపు మీద గోరంత గీత చూపించి డబ్బు కోశారు. ఆ గీత మేం తీసుకునేటప్పటికే ఉంది. కానీ ఫోటో తియ్యలేదు. పంచనామా రాయకుండా సరుకు చేతికి తీసుకోకూడదని ఉద్యోగంలో చేరిన మొదటి వారమే నేర్పారు, ఏం లాభం!

కారు నడిపేది అమ్మాయి. తను చుక్క ముట్టదు. ఈ ప్రయాణానికి అది పెద్ద సౌకర్యం. ఎందుకంటే స్కాట్లండ్‌లో తాగి నడిపేవాళ్ల మీద చట్టం ఇంగ్లండు కంటే గట్టిది. ఇంగ్లండులో వంద మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాలు దాకా చూసీచూడనట్టు పోతారు. ఇక్కడ 2014 చివరి నుంచి 50కి తగ్గించారు. రెండు డిస్టిలరీల్లో రుచి చూసి స్టీరింగు పట్టుకుందామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవడం మంచిది. నడిపేవాళ్లు లేకపోతే రైలు ఉంది. ఇన్వర్నెస్ నుంచి ఉత్తరానికి పోయే మార్గంలో బ్యూలీ, మ్యూర్ ఆఫ్ ఆర్డ్, ఆల్నెస్, టేన్ అన్నీ స్టేషన్లే. బ్యూలీలో ప్లాట్‌ఫారం ఎంత పొట్టిదంటే, రైలుకు ఒక్క తలుపే తెరుస్తారు. అయితే రోజుకు ఉన్నవి కొద్ది రైళ్లే, ఒకటి తప్పితే సగం రోజు పోయినట్టే. ఫైరిష్ కొండకు రైలు దిగి నడవటం నా వయసు వాళ్లకు కుదరదు.

తొమ్మిదింటికల్లా బ్యూలీ చేరాం. ఊరి నడిబొడ్డున 1230 ప్రాంతంలో ఫ్రెంచి సన్యాసులు కట్టుకున్న మఠం ఉంది. పైకప్పు పోయింది, గోడలు నిలిచాయి. టిక్కెట్టు లేదు, కాపలా లేదు, మేం తప్ప మనిషి లేడు. గేటు పక్కన ఎనిమిది వందల ఏళ్ల వయసున్న చెట్టు ఉండేదట, 2023లో కూలింది. 'అందమైన చోటు' అనే ఫ్రెంచి మాటే ఊరి పేరుగా మారింది. లోపల ఒక పక్కన కెన్నెత్ మెకంజీ అనే దొర సమాధి, దాని మీద కవచం తొడుక్కుని పడుకున్న రాతి బొమ్మ. మెకంజీ పేరు చూడగానే మన కైఫీయతులు గుర్తొచ్చాయి. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులను వెంటబెట్టుకుని ఊరూరి చరిత్ర రాయించిన కాలిన్ మెకంజీ ఈ దేశంవాడే, పడమటి దీవుల్లో స్టోర్నోవేలో పుట్టాడు. ఈ ప్రాంతంలో ఆ ఇంటిపేరు మన దగ్గర రెడ్డి, చౌదరి అన్నంత మామూలు. అరగంట చాలు ఇక్కడ.

మ్యూర్ ఆఫ్ ఆర్డ్ అక్కడికి పది నిమిషాల దూరం. గ్లెన్ ఆర్డ్ డిస్టిలరీని 1838లో పెట్టించింది కూడా ఒక మెకంజీయే, థామస్ మెకంజీ. ఇప్పుడది డియాజియో అనే మద్యం కంపెనీ చేతిలో ఉంది, 'సింగిల్‌టన్' పేరుతో అమ్ముతారు. ముందే సమయం తీసుకుని వెళ్లాం. తీసుకోకుండా వచ్చిన ఒక జంటను మా కళ్ల ముందే మర్యాదగా వెనక్కి పంపారు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు వయసు నిబంధన కూడా ముందే అడిగి తెలుసుకోవాలి, తయారీ గదుల్లోకి పసివాళ్లను రానివ్వరు.

మాకు డిస్టిలరీ చూపించిన గైడు అమ్మాయికి పాతికేళ్లు ఉండవు. ఆ యాస అలవాటు కావడానికి పది నిమిషాలు పట్టింది. చెప్పడం మాత్రం నేర్పుగా, తొందర లేకుండా చెప్పింది. బార్లీని తడిపి మొలకెత్తిస్తారు. మొలక వచ్చాక వేడిగాలితో ఎండబెట్టి ఆపేస్తారు. మనం రాగులు మొలకకట్టి ఎండబెట్టి పొడి కొట్టుకుంటామే, అంతే. ఆ పిండిని వేడినీళ్లలో కలిపితే తియ్యటి రసం వస్తుంది. దాన్ని తొట్లలో పోసి ఈస్టు చల్లితే రెండు మూడు రోజుల్లో ఎనిమిది తొమ్మిది శాతం బలమున్న ఊట తయారు. తొట్టి మూత కొద్దిగా ఎత్తి వాసన చూడమంది. నేను మొహం దగ్గరికి పెట్టేసరికి ముక్కులో సూదులు గుచ్చినట్టయి వెనక్కి గెంతాను. మా ఆవిడ దూరం నుంచే, "దోసెల పిండి మూడో రోజు వాసన" అని తేల్చేసింది. ఆమె అడిగిన ప్రశ్నే ఆ పూట మంచి ప్రశ్న: రసం తీసేశాక మిగిలిన పిప్పి ఏం చేస్తారు? పశువుల దాణాకు పోతుందట. తెలగపిండి లాగా అన్నమాట. "అయితే ఇక్కడి ఆవులు బాగా బతుకుతున్నాయి" అంది. ఇంగ్లీషులో చెబితే ఆ గైడు అమ్మాయి కూడా నవ్వింది.

తర్వాత బట్టీల గది. ఇక్కడ నా గొంతు కాస్త పూడుకుపోయిందని ఒప్పుకోవాలి. పద్నాలుగు రాగి బట్టీలు, ఒక్కొక్కటి గుడి గంటను బోర్లించి దాని మీద కొంగ మెడ అతికించినట్టు ఉంటుంది. మన దగ్గర పట్టుకున్న బట్టీలన్నీ రెండు కుండలు, ఒక గొట్టం, తడిగుడ్డ. సూత్రం అదే. మొదటిసారి కాచితే ఇరవై పైచిలుకు శాతం, రెండోసారి కాచితే డెబ్బై దాకా వస్తుంది. మొదట వచ్చేది, చివర వచ్చేది పక్కకు తీసి, నడిమి భాగమే పీపాలకు పంపుతారు. నాటుసారా కాచేవాడికి లేనిది ఆ మొదటి ధారను వదులుకునే ఓపిక.

ఆ నడిమి ధారను వేరుచేసే పెట్టెను చూడటానికే నేను ఇంత దూరం వచ్చానని చెప్పినా తప్పులేదు. ఇత్తడి చట్రం, గాజు పలకలు, దానికి తాళం. లోపల ధార పారుతుంటే బయట నుంచి చూడవచ్చు, బలం కొలిచే హైడ్రోమీటరు తేలుతుంటే అంకె చదవవచ్చు, చెయ్యి మాత్రం పెట్టలేరు. ఒకప్పుడు ఆ తాళంచెవి ప్రభుత్వ ఎక్సైజు అధికారి దగ్గర ఉండేది. అతనికి డిస్టిలరీ ఆవరణలోనే ఇల్లు. 1983 దాకా అలాగే నడిచి, తర్వాత లెక్కల బాధ్యత తయారీదారుకే అప్పజెప్పారు. మా శాఖలోనూ డిస్టిలరీకి ఒక అధికారిని వేసేవాళ్లు. సరుకు కదలాలంటే మా తాళం కూడా తీయాలి. మేం వాడిన హైడ్రోమీటరు, సరుకు బలాన్ని చెప్పే ప్రూఫ్ లెక్కలు అన్నీ బ్రిటిషువాళ్లు వదిలిపోయినవే. మన సీసాల మీద 42.8 శాతం అనే వింత అంకె ఉంటుంది కదా, అది పాత లెక్కలో ప్రూఫ్‌కు పాతిక డిగ్రీలు తక్కువ. ఈ సంగతి చెబితే అల్లుడుగారు ఇన్నాళ్లకు అర్థమైందన్నారు. అన్న వెంటనే నాలుక కరుచుకున్నారు. ఆ అంకె ఆయన ఎక్కడ చూశారని నేనూ అడగలేదు.

పీపాల గిడ్డంగిలో చలి, మట్టి వాసన, చీకటి. ఓక్ పీపాలో కనీసం మూడేళ్లు ఉంటేనే దానికి స్కాచ్ అనే పేరు దక్కుతుంది. ఏడాదికి రెండు శాతం ఆవిరైపోతుందని, దాన్ని 'దేవదూతల వాటా' అంటారని చెప్పింది ఆ అమ్మాయి. నా ముందు ఏ మేనేజరైనా దేవదూతల పేరు చెప్పి రెండు శాతం తక్కువ చూపించి ఉంటే షోకాజ్ నోటీసు వెళ్లేది. మన వేడికి ఆ నష్టం ఇంకా ఎక్కువ, బెంగళూరులో ఇలాగే మొలకకట్టిన బార్లీతో సింగిల్ మాల్ట్ విస్కీ చేసేవాళ్లకు ఏడాదికి పది శాతం దాటుతుందంటారు. అందుకే అక్కడ పన్నెండేళ్లు, పద్దెనిమిదేళ్లు అని దాచరు. దాస్తే ఖాళీ పీపా మిగులుతుంది. ఇక మన దగ్గర విస్కీ పేరుతో మామూలుగా అమ్ముడయ్యేదాంట్లో ఎక్కువ భాగం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటే. ఐరోపాలో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. ఈ మాట మనవాళ్లకు చెబితే కోపం వస్తుంది, కానీ నిజం.

రుచి చూసే గదిలో మొదటి ఇబ్బంది. మూడు గ్లాసులు నా ముందు, మూడు అల్లుడుగారి ముందు. ఇద్దరం ఎప్పుడూ ఒకరి ఎదుట ఒకరం ముట్టలేదు. అసలు నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ముట్టలేదు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాన్ని ఎత్తేయడం, అన్నీ డ్యూటీలో ఉండి చూసినవాణ్ణి. రిటైరయ్యాక ఎప్పుడో ఒక చుక్క. అల్లుడుగారు, "మామయ్యగారూ, ముందు మీరు" అన్నారు. "పరవాలేదు, మీరు తీసుకోండి బాబూ" అన్నాను. ఇలా నాలుగుసార్లు అయ్యాక అమ్మాయి, "నాన్నా, పెళ్లిలో కాళ్లు కడిగిన రోజు కూడా ఇంత మొహమాటం లేదు" అంది. చివరికి ఆయన గోడ వైపు తిరిగి ఒక గుక్క వేశారు. నేను కిటికీ వైపు తిరిగాను. మూడో గ్లాసుకు ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. రుచి సంగతి నాకు రాదు. తేనె, ఆపిల్ అని పలక మీద రాశారు, నాకు తగిలింది బెల్లంపాకం మాడుతున్నప్పటి వాసన. అమ్మాయి వంతును చిన్న సీసాల్లో పోసి, మూత బిగించి, ఇంటికి తీసుకెళ్లమని ఇచ్చారు. వాహనం నడిపేవాళ్లకు అలా ఇస్తారు. నేను చూసిన మర్యాదల్లో ఇది మేలైనది.

అక్కడి నుంచి డింగ్‌వాల్ మీదుగా వెళ్తుంటే కుడివైపు ఫెరింటాష్ అనే ప్రాంతం వస్తుంది. అక్కడ ఇప్పుడు ఆగి చూడదగ్గది ఏమీ లేదు, మేమూ ఆగలేదు. కానీ ఎక్సైజు మనిషికి అది క్షేత్రం లాంటిది. కలోడెన్ ఎస్టేటు యజమాని డంకన్ ఫోర్బ్స్ రాజుగారి పక్షం వహించినందుకు తిరుగుబాటుదారులు అతని డిస్టిలరీని తగలబెట్టారు. నష్టపరిహారంగా 1690లో ఆ కుటుంబానికి దాదాపు పన్ను లేకుండా విస్కీ కాచుకునే హక్కు ఇచ్చారు. పన్ను లేని విస్కీ! తొంభై ఏళ్లకు పైగా వాళ్లు అందరి మార్కెట్టూ ముంచారు. చివరికి 1784లో ప్రభుత్వం 21,580 పౌండ్లు చెల్లించి ఆ హక్కును వెనక్కి తీసుకుంది. ఫెరింటాష్ పోయిందని కవి రాబర్ట్ బర్న్స్ పద్యంలో వాపోయాడు. తర్వాత కొన్నేళ్లకే ఆయన ఎక్సైజు శాఖలో ఉద్యోగానికి చేరాడు. మా శాఖలోనూ అలాంటి కవులు ఇద్దరు ముగ్గురు ఉండేవారు, విరహం రాసేవారు.

ఫైరిష్ కొండ దిగువన కారు ఆపి, ముందు పులిహోర పొట్లాలు విప్పాం. పొద్దున నాలుగింటికే లేచి, ఇంటావిడ అనుమతి అడిగి, ఆమె వంటగదిలో కలిపింది మా ఆవిడ. రెండు ముద్దలు తిన్నామో లేదో, కంటికి ఆనని పురుగుల దండు మీద పడింది. మిడ్జీలంటారు వాటిని. దోమలో పదో వంతు ఉంటాయి, కుడితే మాత్రం దోమకు పెద్దన్నలే. గాలి వీచే చోట ఉండవు. కాబట్టి జూన్ నుంచి ఆగస్టు దాకా వెళ్లేవాళ్లు పూసుకునే మందు కొనుక్కుని వెళ్లండి. లేకపోతే మా లాగా కారు అద్దాలు ఎత్తుకుని పులిహోర తినాలి.

కొండ 453 మీటర్లు. ఎక్కి దిగడానికి రెండు గంటలు అంటారు, నాకు రెండున్నర పట్టింది. ఆడవాళ్లిద్దరూ కిందే ఉండిపోయారు. మొదట పైన్ చెట్ల మధ్య నిటారుగా దారి, తర్వాత చెట్లు ఆగిపోయి బోడి కొండ, తడి నేల, గాలి. మంచి బూట్లు లేకుండా ఎక్కొద్దు. చిట్టచివర ఒక్కసారిగా కనిపిస్తాయి: మూడు ఎత్తైన కమానులు, రెండు పక్కలా బురుజులు, నల్లబడ్డ రాయి. ద్వారం అన్నాక అవతల కోట ఉండాలి కదా. ఇక్కడ అవతల ఆకాశం, కింద క్రొమార్టీ అఖాతం, అందులో నాలుగు కాళ్ల మీద నిలబడ్డ చమురు బావుల యంత్రాలు.

దీన్ని కట్టించినవాడు సర్ హెక్టర్ మన్రో. ఈ నేల జమీందారు, ఈస్టిండియా కంపెనీ సేనాపతి. 1764లో బక్సర్ యుద్ధం గెలిచినవాడు. మద్రాసులో ఉండగా 1780లో హైదర్ అలీ మీదికి బయలుదేరి కంచిలో దిగాడు. తనతో కలవడానికి రమ్మని గుంటూరు సర్కారులో ఉన్న కల్నల్ బెయిలీకి కబురు పెట్టాడు. బెయిలీ గుంటూరు నుంచి నడిచాడు. కంచికి కొద్ది మైళ్ల దూరంలో పొల్లిలూరు దగ్గర సెప్టెంబరు 10న హైదర్, టిప్పు ఆ దళాన్ని చుట్టుముట్టి తుడిచిపెట్టారు. మన్రో సకాలంలో వెళ్లలేదు. మర్నాడు ఫిరంగులను కంచి కోనేట్లో పారేయించి మద్రాసుకు వెనుదిరిగాడు. బెయిలీ కూడా ఎక్కడివాడో కాదు, మేం రాత్రి పడుకున్న ఇన్వర్నెస్ పక్కనే డునైన్ ఎస్టేటువాడు. శ్రీరంగపట్నం చెరలో 1782లో చచ్చిపోయాడు. అతనికి ఈ కొండ మీద ఏ కమానూ లేదు. మన్రో మాత్రం 1781లో డచ్చివాళ్ల దగ్గర నాగపట్నం గెలుచుకుని, ఆ ద్వారం నమూనాను తన కొండ మీద నిలబెట్టాడు. పొల్లిలూరు మాట ఈ రాళ్లు చెప్పవు.

ఊళ్లో పనిలేని జనానికి కూలి దొరకాలని కట్టించాడంటారు. కూలి రోజులు పెరగాలని పైకి చేర్చిన రాళ్లను తనే కిందికి దొర్లించేవాడని కూడా ఒక కథ ఉంది. కరువు పనుల్లో చెరువు తవ్వి మళ్లీ పూడ్చినట్టు. నిజమో కాదో గాని, ఆ కూలి డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. గుంటూరు నుంచి నడిచి వెళ్లిన ఆ దళంలో సిపాయిలు ఎందరో మన ఊళ్లవాళ్లే అయి ఉంటారు. ఆ గాలిలో కమాను కింద నిలబడి ఒగరుస్తూ వాళ్ల గురించే అనుకున్నాను. అల్లుడుగారు కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈయన కొడుకునే కదా మామయ్యగారూ, సాగర్ దీవిలో పులి ఎత్తుకుపోయింది?" అన్నారు. అవును, 1792లో. తెల్లవాడి మీద పడ్డ చెక్క పులి బొమ్మ ఒకటి టిప్పు దగ్గర ఉండేది, ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దానికీ ఈ చావుకూ ముడిపెట్టి చెబుతుంటారు. ఆయనకు ఇంత చరిత్ర తెలుసునని పెళ్లయిన ఆరేళ్లకు నాకు తెలిసింది.

ఈ ఒక్క చోటుకు వెళ్లడానికి టిక్కెట్టు, సమయం, అనుమతి ఏమీ అక్కర్లేదు. రోజు మొత్తంలో ఒక్కటే చూడగలిగితే ఇదే చూడమంటాను.

కొండ దిగువన ఆల్నెస్‌లో డాల్మోర్ డిస్టిలరీ. మేం లోపలికి వెళ్లలేదు, రోడ్డు మీద నుంచి చూసి వచ్చేశాం. 1839లో పెట్టిన అలెగ్జాండర్ మాథెసన్ చైనాకు నల్లమందు అమ్మిన జార్డిన్ మాథెసన్ కంపెనీలో భాగస్వామి. ఆ నల్లమందు పండింది మన దేశంలో. అదే ఏడాది కాంటన్‌లో చైనా అధికారి ఆ సరుకును పట్టుకుని సున్నంతో కలిపి సముద్రంలో వదిలించాడు. పట్టుకున్న సరుకును ధ్వంసం చేయించడంలో ఆయన నాకు పెద్ద గురువు. దాని పర్యవసానంగా యుద్ధం వస్తుందని ఆయనా ఊహించి ఉండడు.

గ్లెన్‌మోరంజీకి చేరేసరికి మూడు దాటింది. టేన్ ఊరికి కాస్త అవతల, డోర్నాక్ అఖాతం ఒడ్డున ఉంది. చోటు చక్కనిది. 1843లో విలియం మాథెసన్ పెట్టినప్పుడు జిన్ కాచే పాత బట్టీలు కొని తెచ్చాడట. వాటి మెడలు పొడుగ్గా ఉండేవి. ఇప్పటికీ అదే కొలత పాటిస్తారు, 5.14 మీటర్లు. జిరాఫీ అంత ఎత్తు అని వాళ్లే చెప్పుకుంటారు, దుకాణం నిండా జిరాఫీ బొమ్మలే. మెడ పొడుగైతే తేలికైన ఆవిరే పైదాకా ఎక్కి అవతలికి దిగుతుంది, బరువైనది మళ్లీ బట్టీలోకే జారుతుంది. సరుకు నిజంగానే మెత్తగా ఉంది. పోర్టు అనే తియ్యటి ద్రాక్షసారాయి దాచిన పీపాల్లో కొన్నాళ్లు ఉంచినదాన్ని అల్లుడుగారు మెచ్చుకున్నారు. నాకు అంత తీపి అక్కర్లేదనిపించింది.

అయితే చూపించే తీరు పొద్దుటి దాని ముందు తేలిపోయింది. అంతా తళతళ, అంతా మెరుగు, ప్రతి గది తర్వాతా ఏదో కొనాలనిపించే ఏర్పాటు. ఊట తొట్లు ఇక్కడ స్టెయిన్‌లెస్ స్టీలువి. శుభ్రంగా ఉంటాయి గాని, చూస్తుంటే పాల డెయిరీలో ఉన్నట్టుంది. పని తెలుసుకోవాలంటే గ్లెన్ ఆర్డ్, ఫోటోలు, కానుకలు, సముద్రపు గాలి కావాలంటే గ్లెన్‌మోరంజీ. రెండు చోట్లా ఇనుప మెట్లు ఉన్నాయి, మోకాళ్ల నొప్పులవాళ్లు ముందే చెబితే దారి మార్చి తీసుకెళ్తారు. మా ఆవిడకు అలాగే చేశారు.

టేన్‌లో సెయింట్ డూథక్ గుడి ఉంది. నాలుగో జేమ్స్ రాజు 1493 నుంచి చనిపోయేదాకా దాదాపు ఏటా ఇక్కడికి యాత్ర వచ్చేవాడు. ఇదే రాజు హయాంలో 1494లో ఖజానా లెక్కల పుస్తకంలో ఒక పద్దు పడింది: జాన్ కార్ అనే సన్యాసికి, రాజాజ్ఞ మేరకు, 'జీవజలం' చేయడానికి ఎనిమిది బోల్‌ల (పాత కొలత) మాల్ట్, అంటే మొలకకట్టిన బార్లీ. స్కాట్లండ్‌లో విస్కీ గురించి దొరికిన మొట్టమొదటి రాత అదే. కవి రాయలేదు, వైద్యుడు రాయలేదు, రెవెన్యూ గుమాస్తా రాశాడు. గుడిలో నేను దండం పెట్టింది డూథక్‌కు అని మా ఆవిడ అనుకుంది.

తిరుగుదారిలో షాండ్‌విక్ అనే ఊరి పైన, పొలంలో గాజు గదిలో నిలబెట్టిన, పిక్టులు అనే ఇక్కడి పాతకాలపు జాతివాళ్ల శిల చూశాం. పన్నెండు వందల ఏళ్లనాటిది, మనిషికి ఒకటిన్నర రెట్లు ఎత్తు, ఒక వైపు సిలువ, రెండో వైపు జింకలు, వేటగాళ్లు, చుట్టలు చుట్టిన ముగ్గులు. మా ఆవిడ గాజుకు ముక్కు ఆనించి ఆ ముగ్గులో చుక్కలు లెక్కపెట్టబోయి, మధ్యలో లెక్క తప్పి, మళ్లీ మొదలుపెట్టింది. పక్కనే గొర్రెలు, ఎదురుగా సముద్రం. మిగతావాళ్లం కారులో కూర్చుని ఆమె కోసం ఇరవై నిమిషాలు ఆగాం.

బసకు చేరేసరికి తొమ్మిది. ఎండ ఇంకా గోడ మీదే ఉంది. పెట్టె సర్దుతూ లెక్క వేశాను. మన దేశంలోకి మనిషికి రెండు లీటర్లు సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు. నేను కొన్నది ఒక సీసా, అల్లుడుగారు నా కోసమని కొన్నవి రెండు. మూడు ఏడువందలు, రెండు లీటర్ల వంద. వంద మిల్లీలీటర్లు ఎక్కువ. అమ్మాయి వంతు చిన్న సీసాలు దానికి అదనం.

"నా పేరు మీద ఒకటి రాసుకోండి" అంది మా ఆవిడ, శాలువా కిటికీకి కడుతూ.

"నీ పేరు మీదా?"

"తాగడానికి కాదు. బిల్లు మాత్రం నాకివ్వండి, సీసా బీరువాలో ఉంటుంది, తాళంచెవి నా దగ్గర ఉంటుంది."

అల్లుడుగారు గోడ వైపు తిరిగి నవ్వుకున్నారు.

నేను బిల్లు తీసి ఇచ్చాను.